బంటింగ్‌లో నా ఇనుప రూపాయి

మలేషియా వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళందరూ ముందుగా ఆ జంట భవనాల గురించే అడుగుతున్నారు. చూశాను. కారు అద్దంలోంచి, రెండు వంతెనల మధ్య, ఒక లారీ అడ్డం వచ్చేవరకూ చూశాను. మిగిలిన ప్రయాణమంతా తల వంచుకుని నేలనే చూశాను. అందులో కొంత నా సిగ్గు, అది పుట్టుకతో వచ్చింది. ఎక్కువ భాగం మాత్రం ఒక పాత రాగి నాణెం వల్ల. కాబట్టి భవనాల గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళు వేరే ఎవరినైనా అడగాలి. మేకుల గురించి అయితే నన్ను అడగొచ్చు.

విశాఖ: పిన్నీసులు

ఈ ప్రయాణంలో నన్ను చూసి కూసిన మొదటి యంత్రం విశాఖ విమానాశ్రయంలో ఉంది. దాని కింద నుంచి నడవగానే గోల పెట్టింది. లేడీ కానిస్టేబుల్ నన్ను పక్కకి పిలిచి చేతిలోని పట్టీలాంటి దాంతో తడిమితే భుజం దగ్గర ఒక పిన్నీసు, కుచ్చిళ్ళ దగ్గర ఒకటి, గాజుకి ఒక గుత్తి బయటపడ్డాయి.

"ఇన్నెందుకమ్మా?"

"మా అమ్మ పెట్టిందండి."

"విమానం ఊడిపోతే కుట్టడానికా?"

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఇంకేమైనా ఇనుము ఉందా అని ఆవిడ అడిగితే లేదండి అన్నాను. నా పర్సులో ఉన్న రూపాయి బిళ్ళల సంగతి అప్పటికి నాకు తెలియదు.

విజయనగరంలో ఒక కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. కొత్తవాళ్ళతో నేను ధైర్యంగా అనగలిగే మాట ఒక్కటే: "ఇలా బాగుందా? ఇప్పుడెలా ఉంది?" ఆ మాటతో ఇంతకాలం నెట్టుకొచ్చాను. మిగిలినవి డైరీలో రాసుకుంటాను. మా తాతయ్య పిన్ని రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఓడెక్కి మలయాలో రబ్బరు తోట పనికి వెళ్ళిందట. ఆవిడ మనవడికి కూతురు రోహిణి. రోహిణి పెళ్ళికి మా ఇంటి నుంచి ఒకరు వెళ్ళాలన్నారు. నాన్నకి సెలవు దొరకలేదు, అమ్మకి విమానమంటే భయం. నాకు మనుషులంటే భయం కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

కౌలాలంపూర్: సంచిలో టీ

రోహిణి అక్క కౌలాలంపూర్‌లోనే ఉద్యోగం చేస్తుంది. నన్ను విమానాశ్రయం నుంచి తీసుకెళ్ళి ముందు ఒక టీ కొట్టు దగ్గర ఆపింది. అక్కడ టీని ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి బారెడు ఎత్తు నుంచి పోసి నురగ తెప్పిస్తారు. రెండు రింగిట్లు చిల్లర. అంటే మన లెక్కలో నలభై రూపాయలకి పైనే. మన దగ్గర పార్సెల్ టీ కవరులో ఇంటిదాకా వెళ్ళి గ్లాసులో పడుతుంది. ఇక్కడ ఆ కవరులోనే స్ట్రా గుచ్చి దారం వేలికి తగిలించుకుని తాగుతూ నడుస్తారు. నేను కూడా పట్టుకున్నాను. బజారు నుంచి రంగు చేపని తెస్తున్నట్టు ఉంది.

పరోటాలాంటి రొట్టెకి పప్పు నంజుకుని తిన్నాం. కొట్టతను తమిళంలో ఏదో అడిగాడు, తరవాత అక్కడి మలయు భాషలో అడిగాడు, తరవాత వేళ్ళు చూపించాడు. నేను తల ఊపాను. ఇంకో రెండు రొట్టెలు వచ్చాయి. అవీ తిన్నాను. వద్దని చెప్పడంకంటే తినడం తేలిక.

"చెల్లీ, నాకు తెలుగు కొంచెం కొంచెం లా," అంది అక్క కారెక్కాక. అక్కడివాళ్ళు ఏ భాష మాట్లాడినా వాక్యం చివర ఆ 'లా' తగిలిస్తారు. "అన్నీ అర్థం అవుతాది. నోట్లో రాదు."

"నాకూ అంతే," అన్నాను.

అక్క చాలాసేపు నవ్వింది. నేను నిజమే చెప్పాను.

దారిలో అసలు సంగతి చెప్పింది. పెళ్ళికొడుకుది సుంగై పెటాని అనే ఊరు. హాలు, భోజనాలు, చీరలు అన్నీ సిద్ధం. ఆదివారం పొద్దున ఇంటి ముందు పందిరి రాట వెయ్యాలి. కానీ వాళ్ళ మామ్మ సమ్మె చేస్తోంది.

"స్ట్రైకా?"

"స్ట్రైక్ లా. కాసు కావాలంట. కాసు లేకపోతే రాట లేదు. రాట లేకపోతే పెళ్ళి లేదు." అక్క స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసింది. "జోక్ కాదు చెల్లీ. మా మామ్మ వద్దంటే నాన్న చెయ్యడు."

బంటింగ్: మామ్మ షరతు

బంటింగ్ చిన్న ఊరు. వరసగా అతుక్కుని ఉన్న ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ కారు పట్టేంత సిమెంటు వాకిలి, గేటుకి ఒక దేవుడి పటమో మావిడాకులో. కొన్ని గేట్లకి శిలువ కూడా చూశాను. వాళ్ళూ తెలుగువాళ్ళేనట. అందరి తాతలూ తోటల్లో రబ్బరు పాలు గీసినవాళ్ళే.

మామ్మ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. రోహిణి అక్క నాన్నకి తల్లి. మా తాతయ్య పిన్నికి కోడలు. నా చెయ్యి పట్టుకుని ముందు వేళ్ళు తడిమి చూసింది.

"వచ్చినావా తల్లీ. ఏటిలా ఎండిపోనావు? మీ తాతకి మోకాళ్ళు నొప్పి తగ్గినాదా?"

మా ఊరి పక్క పల్లెల్లో ముసలివాళ్ళ మాట అది. సముద్రం దాటి వచ్చాక ఆ మాట వినపడితే, బస్సు దిగి మళ్ళీ అదే బస్‌స్టాండులో నిలబడ్డట్టు అనిపించింది.

కాసు కథ ఇది. తాతయ్య పిన్ని ఓడెక్కేటప్పుడు కొంగుకి కట్టుకున్న డబ్బులన్నీ దారిలో ఖర్చయిపోగా ఒక్క రాగి నాణెం మిగిలిందట. పోగొట్టుకోకూడదని రబ్బరు గీసే కత్తితో దాని అంచున ఒక గాటు పెట్టుకుంది. కొడుకు పెళ్ళికి రాట వేసినప్పుడు గోతిలో నవధాన్యాలతో పాటు ఆ కాసు వేసింది. పదహారు రోజుల పండగ అయ్యాక తీసి దాచింది. ఆ పెళ్ళికూతురే మామ్మ. తరవాత మామ్మ తన కొడుకు, అంటే రోహిణి అక్క నాన్న, మా సూరిబాబు బాబాయి పెళ్ళికి అదే కాసు వేసింది. అప్పుడు వాన పట్టుకుంది. ఎవరో రాట పీకేశారు, గొయ్యి పూడిపోయింది. వాకిట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నారు. ఇల్లు పోయింది. తోట అమ్మేశారు, అందరూ ఊళ్ళోకి వచ్చేశారు, పాత కొంపలు కూలగొట్టేశారు. ఇప్పుడు అక్కడ ఏదో ఫ్యాక్టరీ కడతారట. వచ్చే వారం నేల చదును చేసే బండ్లు వస్తాయి.

"ఇంకో పాత కాసు కొనేద్దాం అత్తా, కౌలాలంపూర్‌లో అమ్ముతారు," అంది పిన్ని. బాబాయి భార్య ఆవిడ. ఏ సమస్యకైనా కొనడమే మందు అని నమ్మే మనిషి.

"నాకు కళ్ళు మసక. వేళ్ళు కాదు," అంది మామ్మ. "గాటు నేని కాసు నా సేతిలో పెట్టి మోసం సేస్తావా? అది నేకుండా నాటితే రాటేటి, గుడ్డలారేసుకునే కర్ర."

బాబాయి చేతి తొడుగుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. లోపలికి వెళ్ళి ఒక పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. అందులో కర్రకి చివర పళ్ళెం తగిలించినట్టున్న యంత్రం. నేలలో లోహం ఉంటే కూస్తుందట. ఆన్‌లైన్‌లో తెప్పించాడు.

"ఎంతయింది?" అని పిన్ని అడిగింది.

"ఆఫర్‌లో వచ్చినాది."

"ఎంతయింది?"

"మామ్మకి కాసు ముఖ్యమా, నీకు రేటు ముఖ్యమా?"

పెట్టె అడుగున ఒక చిన్న పుస్తకం ఉంది. దాన్ని బాబాయి చెత్తబుట్టలో వేశాడు. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు నేను తీసుకున్నాను. మందుల సీసా మీద కాగితంతో సహా అచ్చయినదేదైనా చదవడం నా బలహీనత. ఆ రాత్రి పడుకునేముందు మొత్తం చదివాను. నాకు చాలా నచ్చింది. ఒక మీట నేల గొణుగుడుని వదిలెయ్యమని చెప్పడానికి. ఒకటి ఎంత లోతు వినాలో చెప్పడానికి. మూడోది వడపోత, అంటే ఏ లోహాన్ని విననట్టు నటించాలో చెప్పడానికి. మనుషులకి కూడా ఇలాంటి మీటలుంటే నా బతుకు సుఖంగా ఉండేదని డైరీలో రాసుకున్నాను.

మోరిబ్ తీరం: వాసన చూపించడం

మర్నాడు యంత్రాన్ని పరీక్షించడానికి దగ్గర్లో ఉన్న మోరిబ్ సముద్రతీరానికి వెళ్ళాం. మా భీమిలిలా అలలు లేవు. సముద్రం మన మీద అలిగినట్టు దూరంగా వెళ్ళి బురద వదిలేసింది. ఒడ్డున అరటిపళ్ళు పిండిలో ముంచి వేయిస్తున్న ఒక మలయు ఆవిడ దగ్గర ఒక పొట్లం కొన్నాం. మన బజ్జీయే, లోపల పచ్చి అరటికి బదులు తియ్యటి పండు. నాలుక ముందు కోప్పడి తరవాత రాజీపడింది.

బాబాయి యంత్రం ఆన్ చేసి ప్రతి మీటనీ చివరిదాకా తిప్పాడు. ఉప్పు తడి ఇసక మీద అది పిచ్చెక్కినట్టు కూసింది.

లోతు మీట తగ్గించాలని పుస్తకంలో ఉంది. నేను అక్క చెవిలో చెప్పాను. అక్క బాబాయికి చెప్పింది.

"తగ్గించడమేటి? డబ్బులిచ్చి కొన్నాను, ఫుల్లు పెట్టు," అన్నాడు బాబాయి.

అరటిపళ్ళావిడ వచ్చి ఏం వెతుకుతున్నారని అడిగింది. పెళ్ళి గురించి అక్క చెప్పింది. ఆవిడ మా ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, మేమైతే పెళ్ళికి కావలసినవి కొనుక్కుంటాం, మీరు తవ్వుకుంటారా అందట. డబ్బా మూత ఒకటి దొరికింది. ఆవిడే అభినందించింది.

అప్పుడు బాబాయికి ఆలోచన వచ్చింది. "అమ్మా, నీ దగ్గర ఇండియా కాసు ఉందా?"

పర్సులోంచి రూపాయి బిళ్ళ తీసిచ్చాను.

"మామ్మ కాసు మన దేశానిది. మన దేశం కాసు పట్టాలంటే మన దేశం కాసే సూపించాలి. కుక్కకి వాసన సూపించినట్టు."

రూపాయిని పొడి ఇసకలో పెట్టి యంత్రం ఊపాడు. అది గుర్ మంది. తెర మీద గుర్తు ఎడమ చివర, ఇనుము అని రాసి ఉన్నచోట పడింది.

"చూసినారా? గుర్ అంటే మన కాసు. టింగ్ అంటే వేరే ఏదో చెత్త."

ఇనుముకి గుర్, రాగికి టింగ్ అని పుస్తకంలో చదివింది నాకు గుర్తుంది. నోరు తెరిచాను. ఆ నోట్లో ఎవరో అరటిపండు ముక్క పెట్టారు. మూసేశాను.

తోటలో మొదటి రోజు: మేకులు

శుక్రవారం బాబాయి సెలవు పెట్టాడు. పాత తోటంతా ఇప్పుడు పామాయిల్ చెట్లు. ఇళ్ళ వరస ఉన్నచోట మాత్రం ఖాళీ నేల, ఎర్రమట్టి, విరిగిన పెంకులు, మెట్టు ఒకటి. ఆ మెట్టు పక్క అడవిలా పెరిగిన కరివేపాకు పొదని చూసి బాబాయి ఇదే మన ఇల్లు అన్నాడు. మెట్టెక్కి నిలబడి, లేని గడపలోంచి లేని వాకిలిని చూస్తూ, "ఇక్కడే నాకు చికెన్‌పాక్స్ వచ్చినాది," అని గర్వంగా చెప్పాడు.

కాపలాదారు నేపాల్ మనిషి. నాతో హిందీలో మాట్లాడాడు. "బంగారమా?" అని అడిగాడు. కాదన్నాను. నమ్మలేదు. నీడలో కుర్చీ వేసుకుని మమ్మల్నే చూస్తూ కూర్చున్నాడు.

ఎర్రమట్టిలో ఇనుపరజను ఉంటుంది కాబట్టి ముందుగా యంత్రం పళ్ళేన్ని నేల మీదికి దింపుతూ ఎత్తుతూ దానికి ఆ నేల అలవాటు చెయ్యాలి. నేను చేసి చూపించాను. పిన్ని చూసి, "ఏటమ్మా, ఒడ్లు దంచుతున్నావా?" అంది. ఆ పని నాకే అప్పగించేశారు.

మిగిలింది ఒక్క మాటలో చెప్పొచ్చు. బాబాయి గుర్ అన్నచోటల్లా తవ్వాడు. వంకర మేకు. తుప్పు మేకు. తలుపు బందు. సగం మేకు. సైకిలు గొలుసు ముక్క, దాన్ని చూసి బాబాయి తనదే అని కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ మేకు. టింగ్ అన్నచోట అడుగు పక్కకి వేసి వెళ్ళిపోయాడు. మెట్టు ముందు నేల జల్లెడలా తయారైంది. మధ్యాహ్నం వాన కమ్ముకుంది. ఇంటికి ఒక సంచెడు మేకులు తెచ్చుకున్నాం.

ఆ రోజు డైరీలో ఒకే మాట ఉంది: మేకులు.

సాయంత్రం వంటింట్లో ఫ్రిజ్ మీద కాయగూరల బొమ్మల అయస్కాంతాలు కనిపించాయి. ఒక వంకాయ తీసి నా రూపాయి మీద పెట్టాను. టక్కున అతుక్కుంది. వాళ్ళ పసుపు రంగు అర రింగిట్ బిళ్ళ మీద పెట్టాను. జారిపోయింది. పిన్ని చూసింది. అక్కని పిలిచింది. అక్క బాబాయిని పిలిచింది. బాబాయి వంకాయని నాలుగుసార్లు అతికించి ఊడబీకి కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే నేను పొద్దుటినుంచీ..."

"ఇనుము వెతికినావు," అంది పిన్ని. "దొరికినాది కూడా. నువ్వు అనుకున్నది సాధిస్తావు, ఎవరూ కాదనరు."

మామ్మ రూపాయిని అడిగి తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. "ఇనుముతో రూపాయేటి? అక్కడ అంత కరువొచ్చినాదా? ఇది సంతలో ఎవరు తీసుకుంటారు?"

అందరం తీసుకుంటామని చెప్పాను. నమ్మలేదు. జాలిగా నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

తోటలో రెండో రోజు: మెట్టెలు

శనివారం యంత్రం నా చేతికి వచ్చింది. బాబాయి అలిగి పలుగు, పార మాత్రమే పట్టుకుంటానన్నాడు.

అందరూ వద్దన్నా మామ్మ కారెక్కింది. కరివేపాకు పక్కన గొడుగు కింద ఆవిడ కుర్చీ వేశాం. మెట్టుని చెప్పు విడిచి పాదంతో తడిమింది. రాట ఎక్కడ వేశారని అడిగితే చెయ్యి ఊపి తూర్పుగా ఉన్న నేలంతా చూపించింది. పెళ్ళి పందిరంత ఉంది ఆ జాగా.

నేను వడపోత మీట తిప్పి ఇనుముని పూర్తిగా నోరు మూయించాను. పైన కరెంటు తీగలు ఉన్నాయి కాబట్టి లోతు మీట తగ్గించాను. బాబాయి నిట్టూర్చాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సిగ్గరి మనిషికి హెడ్‌ఫోన్లంత గొప్ప వస్తువు లేదు. ఎవరూ ఏమీ అడగరు. పలకరింపుకి బదులు ఇవ్వక్కర్లేదు. మెల్లగా ఊపుతూ, ఒక్కో మీటా ఇటు కొంచెం అటు కొంచెం తిప్పుతూ, ఇలా బాగుందా, ఇప్పుడెలా ఉంది అని యంత్రాన్నే అడుగుతూ నడిచాను. ప్రయాణం మొత్తంలో నేను హాయిగా ఉన్న గంట అదే.

అంతా నిశ్శబ్దం. తరవాత ఉన్నట్టుండి గుడిగంటలాంటి టింగ్.

చెయ్యెత్తాను. బాబాయి తవ్వాడు. ఏమీ లేదు. మళ్ళీ ఊపాను. ఏమీ లేదు. రెండడుగులు వేశాను. టింగ్. తవ్వాడు. ఏమీ లేదు. మూడోసారి టింగ్ అన్నప్పుడు బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని గోళ్ళతో మట్టి పీకుతుంటే, అతని ముక్కుకి ఎదురుగా పిన్ని పాదాలు కనిపించాయి. పాదాలకి వెండి మెట్టెలు.

"నువ్వెందుకు వస్తున్నావు మా వెనకాల?"

"దొరికితే ముందు నేనే సూడాలని."

"దొరికినావు. ముప్ఫై ఏళ్ళయినాది, వదిలించుకోలేకపోతన్నాను."

పిన్నిని కారు దగ్గరికి పంపేశారు. ఆ తరవాత పందిరంత జాగా అంతా తిరిగాను. ఒక్క కూత లేదు. ఎండ ఎక్కింది. అక్క మెట్టు మీద కూర్చుని ఫోనులో పెళ్ళికొడుకుతో నెమ్మదిగా తమిళంలో మాట్లాడుతోంది. నాకు అర్థం కాకపోయినా, పెళ్ళి ఆగిపోవచ్చు అని చెప్పేవాళ్ళ గొంతు ఏ భాషలోనైనా ఒకేలా ఉంటుంది. హెడ్‌ఫోన్లు తీసేశాను.

మామ్మ మాత్రం విసనకర్ర ఊపుకుంటూ అడిగింది. "మేకు దొరికినాదా?"

"మేకులేటమ్మా, సంచెడు దొరికినాయి," అన్నాడు బాబాయి.

"ఆ మేకులు కావురా. రాట మేకు."

బాబాయి పార కింద పెట్టాడు.

"కాసు ఒట్టినే పెడతారేటి? గాలీ ధూళీ సోకదూ? దాని పక్కనే మేకు దిగ్గొడతారు. జానెడు మేకు, నేనే కొట్టినాను." గాలిలో సుత్తి పట్టుకుని కొట్టి చూపించింది.

"ముందే సెప్పొచ్చు కదమ్మా."

"నువ్వు కాసు అడిగినావు. మేకు అడిగినావేటి?"

కారులోనే ఉండిపోయిన నిన్నటి సంచిలో మేకులన్నీ కుమ్మరించి చూశాం. జానెడుది లేదు. అంటే ఇంకా నేలలోనే ఉంది.

నాకు అప్పుడు వెలిగింది. పుస్తకంలో ఒక మూల, చిన్న అక్షరాల్లో ఉంది. ఇనుముని వినొద్దని చెబితే, దాన్ని ఆనుకుని ఉన్న మంచి లోహం కూడా యంత్రానికి వినపడకపోవచ్చు. మామ్మ గాలి నుంచి కాపాడుకోవడానికి పెట్టిన మేకు, కాసుని మా నుంచి కూడా కాపాడేసింది. మొదటి రోజు ఇనుము తప్ప ఏదీ వద్దన్నాం. రెండో రోజు ఇనుము వద్దే వద్దన్నాం. రెండూ కలిసి ఉండొచ్చని మాకు తట్టలేదు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని వడపోత మీట సున్నాకి తెచ్చాను. నేల చేపల బజారైపోయింది. గుర్, గుర్ర్, గుర్. అంత గోలలో నాకు కావలసింది ఒక గుర్ తోకకి వేలాడే టింగ్. నెమ్మదిగా, అంగుళం అంగుళంగా ఊపాను. కరివేపాకు పొద చివర ఒకచోట గట్టి గుర్ వచ్చింది. తూర్పు నుంచి ఊపితే గుర్. చుట్టూ తిరిగి ఉత్తరం నుంచి ఊపాను. గుర్, చివర సన్నగా టింగ్. మళ్ళీ తూర్పు. గుర్. మళ్ళీ ఉత్తరం. టింగ్.

బాబాయి వైపు చూశాను. అతను యంత్రం తెర చూసి తల అడ్డంగా ఊపాడు. పెదాలు కదిలాయి. ఇనుమమ్మా, మళ్ళీ ఇనుమే అంటున్నట్టుంది. పార భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

నేను తవ్వండి అన్నాను. మామూలుగానే అన్నాను అనుకున్నాను. చెవులు మూసుకున్నవాళ్ళకి తమ గొంతు తెలియదని అందరికీ తెలుసు. ఆ క్షణంలో నాకు తెలియలేదు. అక్క ఫోను కింద పడేసింది. కరివేపాకులోంచి పిట్టలు లేచాయి. నేపాల్ కాపలాదారు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. బాబాయి ఇంక ఏమీ అనకుండా తవ్వాడు.

మూరెడు లోతులో తుప్పుపట్టి బెండకాయంత లావైన మేకు వచ్చింది. దాని నడుముకి పచ్చటి బిళ్ళ ఒకటి పిల్లిపిల్లలా అతుక్కుని ఉంది. బాబాయి ఆత్రంగా పార వెనక్కి తిప్పి కొట్టాడు. మేకు రెండు ముక్కలైంది. కాసు మట్టిలో పడింది.

మామ్మ దాన్ని కొంగుతో తుడవలేదు, కళ్ళకి దగ్గరగా పెట్టుకోలేదు. బొటనవేలితో అంచు చుట్టూ ఒక్కసారి తిప్పింది. ఒకచోట వేలు ఆగింది. అక్కడే ఉంచేసింది.

"మా అత్త గట్టిగా గీసినాది," అంది. కాసేపటికి, "మేకు ఇరగ్గొట్టినావేటిరా ఎర్రిబాగులోడా," అంది.

రోహిణి అక్క అందరికంటే ఎక్కువ ఏడ్చింది. తరవాత నా వైపు తిరిగి, "చెల్లీ, నీకు అంత వాయిస్ ఉందా లా?" అంది.

వాకిట్లో బకెట్

ఆదివారం వాకిలి నిండా జనం. సిమెంటు వాకిలిలో గొయ్యి తియ్యలేరు కదా, అక్కడ రాటని రంగు డబ్బాలాంటి పెద్ద బకెట్‌లో ఇసక పోసి నిలబెడతారు. పిన్ని బకెట్‌కి జరీ గుడ్డ చుట్టింది. వెదురు బొంగు, మావిడాకులు, పసుపు. సుంగై పెటాని నుంచి పెళ్ళికొడుకువాళ్ళు వచ్చి వరసగా కూర్చున్నారు. మామ్మ నడుం నుంచి కాసు తీసి ఇసకలో పెట్టింది. నవధాన్యాలు పోసింది. చెయ్యి చాపింది.

"మేకేదీ?"

అందరూ కాసుని చూస్తూ మేకుని మరిచిపోయారు. బాబాయి పరుగున వెళ్ళి నిన్నటి సంచి తెచ్చాడు.

"కూలిన కొంపల మేకులు పెళ్ళికి పెడతావేటిరా?"

పనిముట్ల పెట్టె తెచ్చాడు. అన్నీ మర మేకులు. "తిప్పుడు మేకు దిగ్గొట్టేదేటి, ఊడదీసేది," అని అదీ కాదంది. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. పెళ్ళికొడుకు తల్లి మా వైపు ఆసక్తిగా చూస్తోంది. వంద కళ్ళ మధ్య నేను స్తంభం వెనక్కి జరిగాను.

"ఆ పిల్లేదీ?" అంది మామ్మ. "నీ రూపాయి ఏదమ్మా?"

పర్సులోంచి తీశాను.

"ఇది ఇనుమని మిషిన్ సెప్పినాది కదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నా చేతిలో హెడ్‌ఫోన్లు లేవు.

"ఇనుమే మామ్మా," అన్నాను. "నేను విన్నాను."

"అయితే పెట్టు. కాసు పక్కనే, ఆనించి. మా అత్త ఊరి ఇనుమే కాయనీ."

వంగి పెట్టాను. మామ్మ నా రూపాయిని బొటనవేలితో ఇసకలోకి దిగనొక్కింది. రాట నిలబడింది. బాజాలు మొదలయ్యాయి. బాబాయి మాత్రం ఊరుకోలేక యంత్రం తెచ్చి, పెళ్ళికొడుకువాళ్ళ ఎదుట, పంతులుగారి పక్కనుంచి బకెట్ మీద ఊపాడు. గుర్. టింగ్. ఈసారి అందరికీ వినపడింది.

తిరుగు ప్రయాణం

పెళ్ళి బాగా జరిగింది. భోజనంలో బిర్యానీ పక్కనే బూరెలు, బూరెల పక్కనే వేయించిన నెత్తళ్ళు పెట్టారు. మూడూ తిన్నాను, ఈసారి వద్దనలేక కాదు.

బయలుదేరే రోజు మామ్మ నా బ్యాగులో ఏదో కుక్కింది. చూడొద్దంది, చూడలేదు. కౌలాలంపూర్ విమానాశ్రయంలో యంత్రం నా బ్యాగుని ఆపేసింది. ఆఫీసరమ్మాయి తెరిచి చూస్తే పసుపు గుడ్డలో చుట్టిన తుప్పు ముక్క. విరిగిన రాట మేకులో సగం.

ఇదేంటని ఇంగ్లీషులో అడిగింది. వెనక పెద్ద లైను ఉంది. చెవులు వేడెక్కాయి కానీ తల వంచుకోలేదు. పెళ్ళి మేకు అని చెప్పాను. అర్థం కాలేదు. మామ్మలాగే గాలిలో సుత్తి పట్టుకుని కొట్టి చూపించాను. ఆ అమ్మాయి దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, చిన్నగా నవ్వి, గుడ్డలోనే మళ్ళీ చుట్టి ఇచ్చేసింది.

పదహారు రోజుల పండగ అయ్యాక కాసు బకెట్‌లోంచి తీశామని రోహిణి అక్క ఫోను చేసి చెప్పింది. నా రూపాయి మాత్రం మామ్మ తిరిగి పంపదట. కాసుతో పాటు ఒకే ముడిలో నడుముకి కట్టుకుంది. సగం మేకు నా డైరీ మీద బరువుగా ఉంటుంది. అట్ట మీద రోజురోజుకీ తుప్పు మరక పెరుగుతోంది. తుడవాలనిపించడం లేదు.